రేవు దాటగానే మ్యాపులో ఓడ ఎందుకు మాయమవుతోంది?

సోంపేట_సరస్వతి
మా తమ్ముడు బొగ్గు ఓడలో ఏబీ (డెక్ మీద పనిచేసే నావికుడు). గంగవరంలో సరుకు దించేసి ఖాళీ ఓడతో ఆస్ట్రేలియా వైపు బయల్దేరారు. ఓడలు చూపించే ఉచిత యాప్‌లో రోజూ చూస్తుంటాను. ఈసారి రేవు వదిలిన పూటే చుక్క ఆగిపోయింది. నికోబార్ దగ్గర ఒక్కసారి కనపడి మళ్ళీ లేదు. నొక్కితే, ఉపగ్రహం సమాచారం కావాలంటే డబ్బు కట్టమంటోంది. పోయినసారి కట్టి చూశాను, అప్పుడూ మధ్యలో పెద్ద పెద్ద గంతులే. ఉపగ్రహం పైనే ఉంటుంది కదా, మరి గంటల తరబడి ఖాళీ ఎందుకొస్తుంది? అమ్మ ఆ ఆగిపోయిన చుక్కనే చూస్తూ అన్నం ముట్టట్లేదు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మూడులాంతర్లు_మురళి
చుక్క ఆగితే ఓడ ఆగినట్టు కాదమ్మా. ఓడ తన మానాన తాను చెప్తూనే ఉంటుంది, దగ్గర్లో వినే యాంటెనా లేదు, అంతే. ముందు అమ్మగారికి ఆ ముక్క చెప్పి భోజనం పెట్టండి.

కవిటి_సెకండాఫీసర్
మురళి గారు చెప్పింది నిజం. నేను బ్రిడ్జి మీద రోజూ వాడే సామానే కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

ఓడలో ఏఐఎస్ అని ఒక పెట్టె ఉంటుంది. 300 గ్రాస్ టన్నేజి (ఓడ ఎంత పెద్దదో చెప్పే కొలత), ఆ పైన ఉండి దేశాల మధ్య తిరిగే ప్రతి ఓడకీ 2004 చివరికల్లా తప్పనిసరి చేశారు. ఓడ పేరు, తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ నంబరు (మన దేశం ఓడలవి 419తో మొదలవుతాయి), ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎంత వేగం, ఇవన్నీ రేడియోలో చెప్తుంది. అందరికీ కలిపి రెండే ఫ్రీక్వెన్సీలు: 161.975, 162.025 మెగాహెర్ట్జ్. పవరు 12.5 వాట్లు. మీ తమ్ముడి ఓడ లాంటిది పన్నెండు పదమూడు నాట్లలో పోతుంటే పది సెకన్లకోసారి చెప్తుంది. లంగరు వేస్తే మూడు నిమిషాలకోసారి.

ఇది వీహెచ్‌ఎఫ్, అంటే దాదాపు సూటిగా పోయే రేడియో తరంగం. భూమి వంపు దాటి పోదు. రెండువైపులా యాంటెనాల ఎత్తును బట్టి ఇరవై నుంచి నలభై నాటికల్ మైళ్ళు వినపడుతుంది, ఆ తర్వాత ఒడ్డుకి అందదు. ఉచిత యాప్‌లకి సమాచారం వచ్చేది చాలావరకు ఒడ్డున యాంటెనా పెట్టుకున్నవాళ్ళ నుంచి. విశాఖ దగ్గర ఒకరు విన్నారు, తర్వాత నికోబార్ దగ్గర ఎవరో విన్నారు. మధ్యలో నీళ్ళే.

ఇంకో మాట. ఈ పెట్టె తయారైంది ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా. పక్క ఓడకి వినపడితే దాని పని అయిపోయినట్టే. ఆకాశం నుంచి ఎవరో వింటారని లెక్క వేసి పెట్టిన ఫ్రీక్వెన్సీ కాదది.

సోంపేట_సరస్వతి
ఇప్పటికి కొంత ఊపిరాడింది. మరి డబ్బు కట్టినప్పుడు కూడా గంతులెందుకు?

పలాస_ప్రసాద్
ఎందుకేంటండీ, డబ్బు గుంజడానికి. సగం చూపించి సగం దాచుకుంటారు. ఉపగ్రహం పైన ఉన్నాక అన్నీ వినపడాలి కదా.

చీపురుపల్లి_యాంటెనా
ప్రసాద్ గారూ, పైన ఉండటమే అసలు చిక్కు.

ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద నిమిషాన్ని 2,250 ముక్కలు చేస్తారు. ఒక ముక్క 26.7 మిల్లీసెకన్లు. ప్రతి ఓడా చుట్టుపక్కల ఓడలు ఏ ముక్క వాడుకుంటున్నాయో విని, ఖాళీగా ఉన్న ముక్కలో తన మాట చెప్తుంది. పైనుంచి పెత్తనం చేసేవాడు ఎవడూ లేకుండానే సర్దుకుంటాయి, చాలా అందమైన ఏర్పాటు. కానీ ఆ సర్దుబాటు ఒకదానికొకటి వినపడే ఓడల మధ్యే. విశాఖ బయటున్న ఓడకి సింగపూర్ జలసంధిలో ఉన్న ఓడ ఏ ముక్క వాడుతోందో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

ఇప్పుడు 600 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాన్ని పెట్టండి. దానికి ఒకేసారి కనపడే వృత్తం అడ్డంగా అయిదు వేల కిలోమీటర్లు పైనే. బంగాళాఖాతం నడిమధ్య మీదుగా పోతుంటే సింగపూర్ నుంచి వెరావల్ దాకా ఉన్న ఓడలన్నీ ఒకే చెవిలో పడతాయి. వేరువేరు చోట్ల ఓడలు ఒకే ముక్కలో మాట్లాడితే రెండు సంకేతాలూ కలిసి ఏదీ అర్థం కాదు.

మన సిరిమానోత్సవం రోజు గుర్తు తెచ్చుకోండి. ఏ సందులో వాళ్ళ మాటలు ఆ సందులో వాళ్ళకి వినపడతాయి. కోట బురుజు ఎక్కినవాడికి మాత్రం హోరు తప్ప మాట వినపడదు.

దానికి తోడు ఉపగ్రహం సెకనుకి ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది కాబట్టి వినపడే ఫ్రీక్వెన్సీ మూడు నాలుగు కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతుంది. మన నెత్తి మీద ఉండేది పది పన్నెండు నిమిషాలు, తర్వాత భూమి ఇంకో వైపుకి పోతుంది. కంపెనీలు ఎక్కువ ఉపగ్రహాలు పెట్టి, కలిసిపోయిన సంకేతాల్ని లెక్కలు కట్టి విడదీస్తాయి. అమ్మేది ఆ పనినే.

పలాస_ప్రసాద్
కలిసిపోయినవాటిని విడదీయడం అంటే కొంచెం చెప్పండి.

చీపురుపల్లి_యాంటెనా
రెండు ఓడలు రెండు చోట్ల ఉన్నాయి కాబట్టి ఒకటి ఉపగ్రహానికి ఎదురుగా వస్తున్నట్టు, ఇంకోటి దూరమవుతున్నట్టు ఉంటుంది. అందుకని ఒకదాని ఫ్రీక్వెన్సీ కాస్త పైకి, ఇంకోదానిది కాస్త కిందికి జరుగుతుంది. బలంలోనూ తేడా ఉంటుంది. ఆ తేడాలు పట్టుకుని ముందు గట్టిగా ఉన్నదాన్ని చదివి, దాన్ని తీసేసి, మిగిలినదాన్ని చదువుతారు. నడి సముద్రంలో ఓడలు తక్కువ కాబట్టి పని తేలిక. మలక్కా, చైనా తీరం లాంటి చోట్ల ఎంత లెక్క కట్టినా కొన్ని పోతాయి.

గంటస్తంభం_గోపి
దీనికంటూ ఒక ఫ్రీక్వెన్సీ ఇచ్చేయొచ్చు కదా సార్.

చీపురుపల్లి_యాంటెనా
ఇచ్చారు. 2012లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సులో వీహెచ్‌ఎఫ్ 75, 76 ఛానళ్ళు, అంటే 156.775, 156.825 మెగాహెర్ట్జ్, ఉపగ్రహం వినడానికి కూడా కేటాయించారు. అక్కడ ఓడ చెప్పేది 27వ నంబరు సందేశం. మామూలు స్థాన సందేశం 168 బిట్లయితే ఇది 96 బిట్లే, అదీ మూడు నిమిషాలకోసారి. మాట పొట్టి, చెప్పేది తక్కువసార్లు, కాబట్టి ఢీకొట్టుకోవడం బాగా తగ్గుతుంది.

కవిటి_సెకండాఫీసర్
కానీ పాత సెట్లు ఆ 27 పంపవు. నేను చేసిన ఒక పాత ఓడలో లేదు. మార్చమని తప్పనిసరి చేసేదాకా ఏ యజమానీ మార్చడు, ఇది అందరికీ తెలిసిన సంగతే.

బారువ_డాబా
మన పీఎస్ఎల్‌వీ ఊసెత్తకుండా ఈ కథ చెప్పకూడదు. ఏఐఎస్ ఉపగ్రహానికి వినపడుతుందా అని చూడటానికి కెనడావాళ్ళు చేసిన బుల్లి ఉపగ్రహం 2008 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచే పోయింది, పీఎస్ఎల్‌వీ సీ9 మీద. నార్వేవాళ్ళ ఏఐఎస్‌శాట్-1 కూడా మన సీ15 మీదే, 2010 జూలై 12న. ఇరవై సెంటీమీటర్ల డబ్బా, ఆరు కిలోలు. 2011లో మన రిసోర్స్‌శాట్-2లోనూ ఏఐఎస్ రిసీవర్ పెట్టారు. 2019 ఏప్రిల్‌లో ఎమిశాట్ ఉపగ్రహాన్ని వదిలాక రాకెట్ నాలుగో దశని అక్కడే తిరగనిచ్చి, దాని మీద కూడా ఇస్రో ఏఐఎస్ పరికరం పెట్టింది.

మూడులాంతర్లు_మురళి
గర్వంగా ఉంది. శ్రీహరికోట నుంచి పోయినవి మన సోంపేట కుర్రాడి ఓడని వెతుకుతున్నాయి.

ఇచ్ఛాపురం_అమ్మ
సరస్వతీ, మా అబ్బాయి మూడో ఇంజనీరు. నేనూ మొదట్లో నీలాగే ఆ చుక్క పట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి మా వాడి ఓడ ఏకంగా ఎడారిలో ఇసక మీద గుండ్రంగా తిరుగుతున్నట్టు చూపించింది. గుండె ఆగినంత పనైంది. ఆఖరికి తేలిందేటంటే అక్కడ జీపీఎస్‌ని ఎవరో చెడగొడుతున్నారట. అప్పట్నుంచీ కంపెనీ ఆఫీసు నంబరు ఫ్రిజ్ మీద అంటించేశాను. చుక్కని అడగను, వాళ్ళనే అడుగుతాను.

కవిటి_సెకండాఫీసర్
అమ్మా, మీరు చెప్పింది అందరూ చదవాలి. ఏఐఎస్‌కి తన స్థానం సొంతంగా తెలీదు, జీపీఎస్ ఏది చెప్తే అదే అప్పచెప్తుంది. 2025 జూన్‌లో హోర్ముజ్ జలసంధి దగ్గర జీపీఎస్ జామింగ్ వల్ల ఓడలు నేల మీద ఉన్నట్టు కనపడ్డాయి. ఎర్ర సముద్రంలో 2023 చివర్లో దాడులు మొదలయ్యాక కొందరు మాస్టర్లు, అంటే కెప్టెన్లు, ఏఐఎస్‌ని ఆపేసే పోయారు. ప్రాణాలకి ముప్పనుకుంటే ఆపుకునే అధికారం మాస్టర్‌కి ఉంది. కాబట్టి చుక్క లేకపోవడం జాగ్రత్త వల్ల కూడా కావచ్చు.

సరస్వతి గారూ, ఇంకో ఏర్పాటుంది, ఎల్‌ఆర్‌ఐటీ. ఆరు గంటలకోసారి, అంటే రోజుకి నాలుగుసార్లు, ఓడ తన స్థానాన్ని ఉపగ్రహం ద్వారా జెండా దేశానికి, అంటే ఓడ రిజిస్టరైన దేశానికి పంపుతుంది. ఎక్కువగా ఇన్మార్‌శాట్-సీ అనే ఉపగ్రహ సర్వీసు మీద, 1.6 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల. అది ఉపగ్రహం కోసమే పెట్టిన ఫ్రీక్వెన్సీ, సందేశం ఉపగ్రహానికే నేరుగా పోతుంది, ఈ హోరు గొడవ లేదు. అది ప్రభుత్వాలకి తప్ప మనకి కనపడదు. అయితే కంపెనీకి ఓడ నుంచి రోజూ మధ్యాహ్నం రిపోర్టు వెళ్తుంది. మీ తమ్ముణ్ణి పంపిన ఏజెన్సీకి ఓడ పేరు, ఐఎంఓ నంబరు (ఓడకి ఎప్పటికీ మారని నంబరు), తమ్ముడి సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం) నంబరు రాసి మెయిల్ పెట్టండి. జవాబివ్వడం వాళ్ళ బాధ్యత.

సోంపేట_సరస్వతి
పెట్టాను. పొద్దున్నే జవాబొచ్చింది. సుందా జలసంధి వైపు పోతున్నారట, అంతా క్షేమం. అమ్మకి చదివి వినిపించాను. మీ అందరికీ చాలా థాంక్స్.

ఇచ్ఛాపురం_అమ్మ
చల్లగా ఉండాలి తల్లీ.

గంటస్తంభం_గోపి
హమ్మయ్య. బారువ గారూ, మీ పేరులో డాబా ఉంది, మీరు ఓడల్ని వింటారా?

బారువ_డాబా
వింటాను. యూఎస్‌బీ డాంగిల్ లాంటి ఎస్‌డీఆర్ (కంప్యూటరుతో రేడియో వినే) రిసీవర్, పాత ల్యాప్‌టాప్, ఒక యాంటెనా. 162 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం 46 సెంటీమీటర్లు, కాబట్టి అంత పొడుగు ఇత్తడి కడ్డీ నిలువుగా, కింద నాలుగు కడ్డీలు ఏటవాలుగా. డాబా మీద పన్నెండు మీటర్ల ఎత్తు, ఓడ యాంటెనా ముప్ఫై మీటర్లు అనుకుంటే లెక్క ప్రకారం 37 కిలోమీటర్ల దాకా వినపడాలి. మామూలు రోజుల్లో అంతే. ఎండాకాలంలో గాలి పొరలు కలిసొచ్చిన తెల్లవారుజామున అంతకి ఎన్నో రెట్ల దూరం నుంచి కూడా వస్తాయి. అప్పుడు మా ఇంట్లో కాఫీ ఆలస్యమవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఉప్పుగాలికి కనెక్టర్లు ఏడాది తిరక్కుండానే పచ్చగా పట్టేస్తాయి. రబ్బరు టేపు గట్టిగా చుట్టండి.

భోగాపురం_బుజ్జి
ఇక్కడే అడుగుతాను. వలకి కట్టుకునే ఏఐఎస్ బెండ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. నీళ్ళలో పడగానే వెలిగి, ఓడలకి వల ఉన్న చోటు చూపిస్తాయంట. మా మావయ్య రెండు తెప్పిద్దామంటున్నాడు. కొనొచ్చా?

కవిటి_సెకండాఫీసర్
వద్దు బాబూ, దయచేసి వద్దు. రాత్రి వాచ్‌లో ఉంటాను. తెర మీద ఉన్నట్టుండి పదిహేను ఇరవై "ఓడలు" మొలుస్తాయి. దగ్గరికి జరిపి చూస్తే పేరు స్థానంలో వల అని రాసి పక్కన 68 శాతం, 41 శాతం అని ఉంటుంది. అది బ్యాటరీ! నంబర్లు వాళ్ళిష్టం వచ్చినవి, కొన్నిసార్లు నిజం ఓడ నంబరే రెండు చోట్ల. ఒక్కోదానికీ ఢీకొనే ప్రమాదం అని అలారం మోగుతుంది. ఇరవై అలారాల మధ్య నిజం ఓడ అలారం మరుగున పడితే పోయేది మనుషులు. పైగా అవన్నీ ఆ రెండు ఫ్రీక్వెన్సీల మీదే, అందుకే ఉపగ్రహానికి హోరు ఇంకా పెరుగుతుంది.

బుడగట్లపాలెం_తండేలు
ఆఫీసరు గారూ, మీ బాద మీరు సెప్పారు, మా బాద ఇనండి. రేతిరి వల ఏసి పక్కనే కూకుంటాం. పెద్ద ఓడ వొచ్చి వల మీంచి పోతాది. పంకాకి సుట్టుకుని వలంతా పోతాది. అప్పు సేసి కొన్న వల. ఆ ఓడోడికి తెలనే తెల్దు, ఎవుల్ని అడగాల? లైటు ఊపితే సూడరు, వాకీలో పిలిస్తే పలకరు. ఆ బెండు కట్టినోడి వల మాత్రం తప్పించుకుని పోతన్నారు. మరి కట్టమా?

ఇచ్ఛాపురం_అమ్మ
ఆయన అన్నదీ న్యాయమే కదా.

చీపురుపల్లి_యాంటెనా
న్యాయమే. ఇది ప్రపంచమంతా ఉన్న గొడవే. 2019 రేడియో సదస్సులో ఇలాంటి బెండ్లకి విడిగా 160.9 మెగాహెర్ట్జ్ ఇచ్చారు, పవరు 100 మిల్లీవాట్లు దాటకూడదు. నియమం ప్రకారం వల గుర్తులు అక్కడే మాట్లాడాలి. కొనేటప్పుడు 161.975, 162.025 అని రాసున్నవి కొనకండి.

బుడగట్లపాలెం_తండేలు
ఆ 160.9 మీద పెడితే ఓడోడికి కనపడతాదా?

చీపురుపల్లి_యాంటెనా
ఓడ ఏఐఎస్ తెర మీద కనపడదు. మీ బోటులో ఉన్న రిసీవర్‌కి కనపడుతుంది, వల ఎక్కడికి కొట్టుకుపోయిందో మీకు తెలుస్తుంది.

బుడగట్లపాలెం_తండేలు
మా వల ఎక్కడుందో మాకు ఎరికే బాబూ. తెలాల్సింది ఓడోడికి.

మూడులాంతర్లు_మురళి
దీనికి జవాబు జెనీవా నుంచి రావాలి గానీ మన వేదిక నుంచి రాదు.

కవిటి_సెకండాఫీసర్
తండేలు గారూ, మీ కోపం నాకర్థమవుతుంది, మా తాతలదీ తెప్పే. బెండు బదులు వల రెండు కొసలా పొడుగు వెదురు కట్టి, పైన రాడార్ రిఫ్లెక్టరు (రాడార్ తరంగాన్ని వెనక్కి కొట్టే రేకు), మెరిసే లైటు పెట్టండి. మా రాడార్ 9.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, సముద్రం మరీ అల్లకల్లోలంగా లేకపోతే రెండు మూడు మైళ్ళ నుంచి ఆ రిఫ్లెక్టరు పట్టుకుంటుంది. అసలు పరిష్కారం బోటుకే క్లాస్ బీ ఏఐఎస్, అంటే చిన్న పడవల కోసం చేసిన ఏఐఎస్ పెట్టుకోవడం. సొంత నంబరుతో నికార్సుగా మాట్లాడుతుంది, మనుషులున్న బోటు అని మాకు తెలుస్తుంది, పక్కకి తిప్పుకుంటాం. రెండు వాట్లవీ ఉన్నాయి, అయిదు వాట్లవీ ఉన్నాయి.

భోగాపురం_బుజ్జి
మరి ప్రభుత్వం ఇస్తున్న ట్రాన్స్‌పాండర్ ఉంది కదా, అది ఏఐఎస్ కాదా?

చీపురుపల్లి_యాంటెనా
కాదు, ఈ రెంటినీ కలిపేసుకోవద్దు. లక్ష బోట్లకి, 364 కోట్లతో, 2024 ఆగస్టు 30న మొదలుపెట్టిన పథకం అది. ఆ పెట్టె ఎస్-బ్యాండు అనే రేడియో ఫ్రీక్వెన్సీల్లో నేరుగా మన జీశాట్-6 ఉపగ్రహంతో మాట్లాడుతుంది. జీశాట్-6 భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలకడగా ఉంటుంది. బోటులో చిన్న పెట్టె సరిపోవాలంటే పైన చెవి పెద్దదవ్వాలి, అందుకే దానికి గొడుగులా విచ్చుకునే ఆరు మీటర్ల యాంటెనా పెట్టారు. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలుపుకుంటే అటునుంచి తుపాను కబురొస్తుంది, ఇటునుంచి ఆపదలో ఉన్నామని చెప్పొచ్చు. సరిహద్దు దగ్గరికి పోతే హెచ్చరిస్తుంది. కానీ పక్కనే వచ్చే ఓడకి మీరు కనపడరు. సమాచారం పోయేది ఒడ్డుకి.

బుడగట్లపాలెం_తండేలు
సరిహద్దు హెచ్చరిక అంటే సిన్న మాట కాదు. 2018 నవంబరులో గుజరాత్ బోట్ల మీద వేటకెళ్ళి పాకిస్తానోళ్ళకి సిక్కినోళ్ళు మన జిల్లాలోళ్ళే. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. ఆళ్ళ ఇంటి ఆడోళ్ళు పడ్డ అవస్త మేం సూశాం. అలగటి పెట్టె అప్పుడుంటే ఎంత బాగుణ్ణు.

ఇచ్ఛాపురం_అమ్మ
తిత్లీ తుపాను అప్పుడు కూడా అంతే. బోట్లన్నీ ఒడ్డుకి చేరాయో లేదో చెప్పేవాళ్ళే లేరు.

పలాస_ప్రసాద్
ట్రాన్స్‌పాండర్ పెడితే ఎక్కడ వేటాడుతున్నామో అందరికీ తెలిసిపోతుందని మా వైపు కొందరు ఆపేస్తున్నారట. చేపలున్న చోటు బయటపడుతుందని వాళ్ళ భయం.

బుడగట్లపాలెం_తండేలు
అది మన బోటు ఆచూకీ, ఒడ్డునున్న ఆఫీసోళ్ళకి పోద్ది, పక్క బోటు తండేలుకి పోదు. సేపల కోసం పానం మీదికి తెచ్చుకునీవోడికి ఏటి సెప్తాం. మా బోటులో ఆపనివ్వను.

గంటస్తంభం_గోపి
ఏఐఎస్ ఆపేసి తిరిగే పెద్ద ఓడల్ని ఎవరూ పట్టుకోలేరా?

బారువ_డాబా
పట్టుకుంటున్నారు. ఏఐఎస్ ఆపినా రాడార్ ఆపుకుని ఓడ నడపడం కష్టం. ఆ 9.4 గిగాహెర్ట్జ్ తరంగాలు పైకీ పోతాయి, వాటిని విని ఓడ ఎక్కడుందో లెక్కగట్టే ఉపగ్రహాలున్నాయి. 2018 డిసెంబరులో అమెరికాలో ఒక కంపెనీ మూడింటిని వరసగా తిరిగేలా పంపింది. ఒకే తరంగం మూడింటికీ చేరే సమయంలో, ఫ్రీక్వెన్సీలో తేడాని బట్టి చోటు తేలుతుంది. ఇంకా మన ఈఓఎస్-04 లాంటి రాడార్ ఉపగ్రహాలైతే ఓడ మౌనంగా ఉన్నా బొమ్మ తీస్తాయి, మేఘాలు అడ్డం రావు.

భోగాపురం_బుజ్జి
మావయ్యకి చెప్పాను. బెండ్లు మానేసి, ముందు రిఫ్లెక్టరు కడతాడట. క్లాస్ బీ ధర కనుక్కుంటున్నాం. ఇంకో అనుమానం: మా వాళ్ళు చేతి వాకీల్లో 75 మీద మాట్లాడుకుంటారు, అక్కడ ఎవరూ ఉండరని. పర్వాలేదా?

చీపురుపల్లి_యాంటెనా
బుజ్జీ, వెంటనే మాన్పించు. 75, 76 అనేవి 16వ ఛానల్‌కి అటూ ఇటూ ఉన్నవి. 16 అంటే 156.8, ఆపదలో అరిచేది అక్కడే. పక్కన గట్టిగా మాట్లాడితే దాంట్లోకి చిమ్ముతుందనే ఆ రెంటినీ ఖాళీగా ఉంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఉపగ్రహం వినే 27వ సందేశం కూడా అక్కడే. బోటుకీ బోటుకీ మాటలకి 72, 77 ఉన్నాయి. అటు మారండి.

బుడగట్లపాలెం_తండేలు
మా పక్క బోట్లోళ్ళయితే ఏకంగా 16 మీదే కూరేటి, నారేటి అని కబుర్లు. రేపు వేటకి ముందు ఒడ్డున అందరికీ సెప్తాను. 72 పెట్టిస్తాను.

కవిటి_సెకండాఫీసర్
పెట్టించండి. 16 మాత్రం చెవిన వేసుకునే ఉండండి, మేం పిలిచేది దాని మీదే. విశాఖ వైపు వచ్చినప్పుడు మీ బోటు పేరు పెట్టి పిలుస్తాను, పలకండి.